నవ్వించిన గీత చెరగలేదు

పలాస: వారపత్రిక చేతికందగానే కథలు, సీరియళ్లు పక్కనపెట్టి ముందుగా బొమ్మ వెతుక్కోవడం పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల పాత తరం పాఠకులకు అలవాటు. ఆ బొమ్మ మూలన ‘బాపు’ అన్న రెండక్షరాలు కనిపిస్తే చాలు, కింది వ్యాఖ్య చదవకముందే నవ్వు వచ్చేది. ఆ రెండక్షరాల వెనుక ఉన్న వ్యక్తి సత్తిరాజు లక్ష్మీనారాయణ. 2014 ఆగస్టు 31న తన 80వ ఏట చెన్నైలో ఆయన కన్నుమూశారు. దశాబ్దం దాటినా ఆయన గీసిన కొంటె బొమ్మలు ఇక్కడి ఇళ్లలో ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

బాపు 1933 డిసెంబరు 15న పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో జన్మించారు. తండ్రి వేణుగోపాలరావు న్యాయవాది. చదువంతా మద్రాసులో సాగింది. అక్కడి బడిలోనే ముళ్లపూడి వెంకటరమణతో స్నేహం కుదిరింది. మనకు పొరుగునే ఉన్న బరంపురంలో పుట్టి, ‘రేడియో అన్నయ్య’గా పేరొందిన న్యాయపతి రాఘవరావు 1945లో ‘బాల’ పత్రికను ప్రారంభించారు. రమణ రాతకు, బాపు గీతకు తొలి వేదిక ఆ పిల్లల పత్రికే. బాపు 1955లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు. అయితే నల్లకోటు వైపు వెళ్లక, అదే ఏడాది ఆంధ్రపత్రికలో వ్యంగ్య చిత్రకారునిగా చేరారు.

తెలుగులో వ్యంగ్య చిత్రానికి అంతకుముందే పునాది పడింది. తొలి తెలుగు కార్టూనిస్టుగా గుర్తింపు పొందిన తలిశెట్టి రామారావు బొమ్మలను పాఠకులు 1930లలోనే చూశారు. ఆయన జన్మదినమైన మే 20ని తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా జరుపుకొంటున్నారు. ఆ కళను పత్రిక పుటల నుంచి ఇంటి వసారాలోకి, వంటింట్లోకి తెచ్చిన ఘనత మాత్రం బాపుదే.

అందుకు నిదర్శనం ‘బుడుగు’. 1956-57 సంవత్సరాల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో ఇది ధారావాహికగా వచ్చింది. రాసింది రమణ, గీసింది బాపు. పిల్లవాడే తన గొడవ తాను చెప్పుకుంటున్నట్లు నడిచే రచన అది. బామ్మ, బాబాయి, రెండు జడల సీత, పక్కింటి లావుపాటి పిన్నిగారు, పేరే సరిగా పలకలేని సీగాన పెసూనాంబ.. వీరందరికీ బాపు ముఖాలిచ్చారు. ఒకసారి ఆ ముఖాలు చూసిన పాఠకుడు వారిని మరోలా ఊహించుకోలేడు. అమెరికాలో 1951 మార్చిలో హాంక్ కెచ్చమ్ గీసిన అల్లరి పిల్లవాడు డెనిస్‌తో బుడుగును పోల్చేవారున్నారు. పోలిక అల్లరి వరకే చెల్లుతుంది. డెనిస్‌ది అమ్మ, నాన్న, ఒక కుక్క, పక్కింటి పెద్దమనిషి ఉన్న లోకం. బుడుగుది బామ్మ మాటే చెల్లే ఉమ్మడి ఇల్లు. వాడి తర్కం, వాడి గొప్పలు ఆ ఇంట్లో పుట్టినవే.

ఈ విలేకరి ఇంట బాబాయిని చిన్నాన్న అనే పిలుచుకునేవాళ్లం. అయినా బుడుగు బాబాయి మాకు పరాయివాడు కాలేదు. అట్ట ఊడిపోయిన మా ‘బుడుగు’ ప్రతి 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటిన నాడు పెంకులెగిరిన ఇంట్లో తడిసిపోయింది. ఎండబెడితే అక్షరాలు చాలాచోట్ల అలుక్కుపోయాయి, బొమ్మలు మాత్రం నిలిచాయి. ఆంగ్ల మాధ్యమంలో చదువుతూ తెలుగు కూడబలుక్కునే మా ఇంటి పిల్లవాడు ముందు ఆ బొమ్మలు చూసి నవ్వాడు. తరువాత కింద ఏముందో చదివి పెట్టమని వెంటపడ్డాడు. చెరిగిన వాక్యాలను గుర్తున్నంత మేర చెప్పవలసి వచ్చింది.

ఆ బొమ్మలో అంత బలమెక్కడిది? బాపు తక్కువ గీస్తారు. ముక్కుకు ఒక వంపు, జడకు ఒక విసురు, పంచెకు రెండు మడతలు.. మనిషి తయారు. మన శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య (1921-1992) రంగుల పొరల్లో లోకాన్ని నింపిన చిత్రకారుడు. ఆయన పనితనం ముందు చూపరి నిలబడిపోతాడు. బాపు బొమ్మ దగ్గర నిలబడనక్కర్లేదు, అది పక్కన కూర్చుని మాట్లాడుతుంది. జిల్లావాసిగా వ.పా. వైపు మొగ్గు ఉన్నా ఈ సంగతి ఒప్పుకోక తప్పదు.

బొమ్మల పత్రికల పద్ధతిని బాపు వెండితెరకూ తీసుకెళ్లారు. చిత్రీకరణకు ముందే సన్నివేశాలను గడుల వారీగా గీసుకునేవారు. ఏ పాత్ర ఎక్కడ నిలవాలో, కెమెరా ఎటు చూడాలో ఆ కాగితమే చెప్పేది. 1967లో ‘సాక్షి’తో దర్శకుడయ్యారు. 1975 నాటి ‘ముత్యాలముగ్గు’ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందగా, ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్యకూ జాతీయ గుర్తింపు లభించింది. అందులోని కాంట్రాక్టరు నడక, చూపు, దుస్తులు గమనిస్తే నడుస్తున్న కార్టూన్‌ను చూస్తున్నట్లే ఉంటుంది.

అన్నీ మెచ్చదగినవే అనలేము. లావుపాటి భార్య, గయ్యాళి అత్త, భయపడే భర్త చుట్టూ తిరిగిన జోకులు నేటి మహిళలకు నవ్వు తెప్పించకపోవచ్చు. ఆయన లోకం ప్రధానంగా గోదావరి ఒడ్డుది, మధ్యతరగతిది. జీడిపిక్కలు కొట్టి వేళ్లు నల్లబడిన పలాస కార్మికురాలు గానీ, బారువ తీరాన వల లాగే మత్స్యకారుడు గానీ ఆ లోకానికి కేంద్రం కాదు. అయినా తోటపని ముగించుకుని వచ్చిన ఉద్దానం రైతు ఆ బొమ్మల్లో తన ఇంటి పిల్లవాడిని గుర్తుపట్టాడు.

రమణ 2011 ఫిబ్రవరి 24న మరణించారు. ఇద్దరి కుటుంబాలూ చెన్నైలో ఒకే ఇంట నివసించాయి. ఇద్దరూ కలిసి చేసిన చివరి చిత్రం ‘శ్రీరామరాజ్యం’ అదే ఏడాది నవంబరులో విడుదలైంది. 2013లో బాపును పద్మశ్రీ వరించింది.

నాటి వారపత్రికలు చూడగోరేవారు శ్రీకాకుళం వెళితే సరిపోతుంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయంలో పాత సంచికలు భద్రంగా ఉన్నాయి. కథ కోసం పుట తిప్పినవారికి పక్కనే ఆ బొమ్మలూ కనిపిస్తాయి.

కంప్యూటరు వచ్చాక బాపు చేతిరాత అచ్చుకూ ఎక్కింది. ఆయన అక్షరాల పోలికతో తయారైన ఖతులు నేడు పెళ్లి శుభలేఖల మీద, ఫ్లెక్సీల మీద విరివిగా కనిపిస్తాయి. వేగంగా, వాలుగా సాగే ఆ అక్షరాలే కావాలని శుభలేఖ వేయించుకునేవారు కోరుతుంటారు. అది ఒక మనిషి చేతిరాత అన్న సంగతి వారిలో చాలామందికి తెలియదు.