పడుకున్న ఫోన్‌ని లేపే పిలుపు – డైక్‌స్ట్రా కథ



2018 అక్టోబర్ 11 తెల్లవారుజాము మీకు గుర్తుండే ఉంటుంది. తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, కరెంటు పోయింది. అలాంటి రాత్రి మీరు టెక్కలిలో, పిల్లల తాతయ్య వజ్రపుకొత్తూరులో ఉన్నారనుకోండి. చార్జింగ్ మిగలాలని స్క్రీన్ ఆపి ఫోన్ పక్కన పెడతారు. అయినా టవర్ పనిచేస్తున్నంతసేపూ ఆయన కాల్ వస్తే అది మోగాల్సిందే. లోపల ప్రధాన ప్రాసెసర్ పడుకుంటుంది, మోడెమ్ మాత్రం మధ్యమధ్యలో లేచి టవర్ మాట వింటుంది. కాల్ రాగానే ప్రాసెసర్‌ని తట్టి లేపుతుంది. ఆ తట్టడమే ఇంటరప్ట్.

దాన్ని చూసి మొదట్లో భయపడిన ఒక పెద్దాయన గురించి ఈ నెల చెప్తాను.

ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1930లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో పుట్టారు. తండ్రి కెమిస్ట్, తల్లి గణితం చదివినవారు. 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రోగ్రామర్‌గా చేరారు. 1957లో పెళ్ళి రిజిస్టర్‌లో ఆ వృత్తి రాస్తే అధికారులు ఒప్పుకోలేదు! థియరిటికల్ ఫిజిసిస్ట్ అని రాయించాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఆయన సహచరులు లూప్‌స్ట్రా, స్కోల్టెన్ ఎక్స్1 అనే కంప్యూటర్ తయారుచేస్తూ, దానికి ఇంటరప్ట్ పెడదామన్నారు. అప్పుడు ప్రింటర్ లాంటి నిదానమైన పరికరం పని ముగించిందో లేదో కంప్యూటర్ కాచుకొని కూర్చోనక్కర్లేదు, పరికరమే పిలుస్తుంది. డైక్‌స్ట్రాకి గుండె జారింది. పిలుపు ఏ క్షణంలో వస్తుందో తెలియదు. ఏదైనా తప్పు జరిగితే సరిగ్గా అదే క్షణం మళ్ళీ రాదు, ఇక తప్పు పట్టుకునేదెలా? కొన్ని నెలలు నిర్ణయం వాయిదా వేశారు. చివరికి ఒప్పుకొని, ఆ ప్రోగ్రామ్ తానే రాశారు. 1959లో దాని మీదే పీహెచ్‌డీ వచ్చింది.

1960లలో ఆయన ఇంకో చిక్కు విప్పారు. నాకు బాగా నచ్చేది ఇదే. ఒక పని ఇక పడుకుందామనుకొని, కన్ను మూసేలోపే పిలుపు వస్తే? పిలిచినవాళ్ళు పిలిచేశామనుకుంటారు, ఇది పడుకుంటుంది, మళ్ళీ లేపేవాళ్ళుండరు. దానికి ఆయన సెమాఫోర్ అనే చిన్న లెక్క పెట్టారు. పిలుపు వస్తే అంకె ఒకటి పెరుగుతుంది. పడుకోబోయే పని ముందు ఆ అంకె చూడాలి. సున్నా కాకపోతే ఒకటి తగ్గించి, పడుకోకుండా ముందుకు సాగాలి. చూడడానికీ తగ్గించడానికీ మధ్య ఇంకెవరూ దూరకూడదు.

ఆండ్రాయిడ్ ఫోన్ లోపలి లైనక్స్‌లోనూ ఇలాంటి జాగ్రత్తే ఉంది. అన్ని ఇంటరప్ట్‌లూ నిద్ర చెడగొట్టవు, లేపాలని ముందే గుర్తు పెట్టినవే లేపుతాయి. నిద్రకు సిద్ధమవుతుండగా వాటిలో ఒకటి వస్తే, ఆ నిద్ర మానుకొని వెనక్కి వచ్చేస్తుంది. తాతయ్య కాల్ సరిగ్గా ఆ క్షణంలో వచ్చినా పోదు.

డైక్‌స్ట్రాకి 1972లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. 2002 ఆగస్టులో నెదర్లాండ్స్‌లోని తన ఇంట్లోనే కన్నుమూశారు.