లూయీ బ్రెయిల్ - పల్లె బడిలో చేరిన అంధ బాలుడు

ధ్యానము: మార్కు 10:46-52, యోహాను 9:1-3



యెరికో త్రోవలో బర్తిమయి మొఱపెట్టగా జనులు వాని నోరు మూయింపజూచిరి. ప్రభువైతే ఆగి వానిని పిలిపించెను. అడ్డగించిన జనులే అప్పుడు ఆ పిలుపును వానికి అందించిరి. ఇట్టి పిలుపును అందుకొనిన ఒక బాలుని చరిత్ర వినుడి.

ఫ్రాన్సు దేశములో పారిసు నగరమునకు తూర్పున కుప్‌వ్రే అను పల్లె కలదు. అచ్చట 1809 జనవరి 4న లూయీ బ్రెయిల్ జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టు తోలుపనివాడు. మూడేండ్ల ప్రాయమున లూయీ ఆ పనిశాలలో ఆడుకొనుచుండగా, తోలు పొడుచు ఆరె కంటిలో గ్రుచ్చుకొనెను. ఆ రోగము రెండవ కంటికిని సోకి, అయిదవ యేటికి చూపు పూర్తిగా పోయెను.

ఆ దినములలో పేదయింటి అంధులకు బిచ్చమెత్తుటయే తరచు గతి. కాని తలిదండ్రులు ఈ బిడ్డను మూల కూర్చుండబెట్టలేదు. తండ్రి చెక్కమీద మేకులతో అక్షరములు కూర్చి, వ్రేళ్లతో తడిమించి నేర్పెనని చెప్పుదురు. ఆ యూరి గురువైన పల్లూయి బాలునికి పాఠములు చెప్పి, బడిపంతులుతో మాటలాడి, చూపుగల పిల్లల నడుమ కూర్చుండజేసెను. లూయీ చెవులతో విని నేర్చుకొనెను. 1819లో, పదియేండ్ల వయస్సున, పారిసులోని అంధబాలుర పాఠశాలలో ఉచితముగా చోటు దొరికెను.

అచ్చటి పుస్తకములు ఉబ్బెత్తు అక్షరములతో మిక్కిలి బరువైనవి, చదువుటకు కష్టమైనవి. బార్బియే అను సైనికోద్యోగి చుక్కల వ్రాతయొకటి కల్పించియుండెను. అందు ఒక్కొక్క గుర్తునకు పండ్రెండు చుక్కల వరకు ఉండెను. లూయీ దానిని ఆరు చుక్కలకు కుదించి, వ్రేలికొనకు అందునట్లు చేసెను. అప్పటికతనికి పదునైదేండ్లే. 1829లో ఆ లిపిని ప్రకటించెను. తరువాత ఆ పాఠశాలలోనే ఉపాధ్యాయుడై, దేవాలయములలో ఆర్గన్ వాయించుచు జీవించెను. ఒక కాలమున అధికారులు ఈ లిపిని నిషేధించినను, విద్యార్థులు చాటుగా వాడుచునే యుండిరి. 1852లో క్షయవ్యాధిచే ఆయన మరణించెను. 1854లో ఫ్రాన్సు ప్రభుత్వము ఆ లిపిని అంగీకరించెను. నేడు తెలుగును ఆ ఆరు చుక్కలతోనే చదువుచున్నారు.

ప్రియులారా, లూయీ బుద్ధిమంతుడే. అయినను తండ్రి, గురువు, బడిపంతులు చేయి పట్టనియెడల ఆ బుద్ధి ఆ పల్లెలోనే అణగిపోయియుండును. నేడు మన దేశములో 2016 నాటి చట్టము, తగినంత వైకల్యముగల పిల్లలకు ఆరవ యేడు మొదలు పదునెనిమిదవ యేటి వరకు సమీప పాఠశాలలో ఉచిత విద్య హక్కుగా ఇచ్చెను. మన తెలుగు రాష్ట్రములలో మండలముల యందు భవిత కేంద్రములు కలవు. కాని బిడ్డను ఇంటిలో దాచినయెడల చట్టము గడప దాటి లోనికి రాదు.

కొందరు అది పాపఫలమని సిగ్గుపడి దాచుదురు. ప్రభువు యోహాను 9లో ఆ తలంపును త్రోసివేసెను. కాబట్టి సంఘపెద్దలారా, మీ పేటలో చూపులేని, వినికిడిలేని, నడువలేని, బుద్ధి నెమ్మదిగా ఎదుగు బిడ్డ ఎవరైన బడికి దూరముగా నున్నారేమో విచారించుడి. ఆ తల్లిని నిందింపక, ఆమెతో కూడ ప్రధానోపాధ్యాయుని యొద్దకు నడువుడి. పిలుపు నందించువారిగా ప్రభువు మనలను చేయును గాక. ఆమేన్.