డోర్నకల్ బిషప్ అజరయ్య: గాంధీ గారు అనుమానించిన బోధకుడు

జనగామ వైపు అనగానే మనకి బమ్మెర పోతన, పాలకుర్తి సోమనాథుడు గుర్తొస్తారు. ఈసారి కాస్త వేరే రూటు. కాజీపేటలో విజయవాడ ట్రైన్ ఎక్కితే మహబూబాబాద్ దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. అక్కడొక పెద్ద చర్చి ఉంది. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిపి కట్టినట్టుంటుంది. 1939లో ప్రారంభమైన ఆ కేథడ్రల్‌ని కట్టించినాయన వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

పాస్టర్ అనగానే మనలో చాలామందికి ముందు వచ్చే డౌట్ ఒకటే. ఈయన ఎవరి డబ్బుతో, ఎందుకు వచ్చాడు?

అజరయ్య తెలుగువాడు కాదు. 1874లో తిరునెల్వేలి దగ్గర వెల్లాలన్‌విలైలో పుట్టారు. వైఎంసీఏలో మంచి ఉద్యోగం, పేరు. 1903లో స్నేహితులతో కలిసి తిరునెల్వేలిలో ఒక మిషనరీ సంఘం పెట్టారు. అందులో డబ్బూ మనదేశానిదే, మనుషులూ మనదేశం వాళ్లే. ఆ సంఘం పని చేస్తున్నది నిజాం రాజ్యంలోని డోర్నకల్‌లో. ఇంకొకళ్లని పంపి ఊరుకోలేదు. 1909లో ఉద్యోగం వదిలి, 35 ఏళ్ల వయసులో తనే వచ్చేశారు. వచ్చాక తెలుగు నేర్చుకున్నారు. ఈ మాట ఒప్పుకోవాలి, సుఖం కోసం వచ్చేవాడు ఇలా రాడు.

మరి తెల్లదొరల మనిషా? 1910లో ఎడిన్‌బరో సభలో, వాళ్ల మధ్యే నిలబడి, మీరు మాకు సేవ చేస్తారు కానీ స్నేహితుల్లా చూడరని అర్థం వచ్చేలా మాట్లాడారు. సభలో చాలామందికి ఆ మాట మింగుడు పడలేదు. అయినా 1912లో ఆంగ్లికన్ చర్చి ఆయన్ని బిషప్‌ని చేసింది. ఆ పదవి దక్కిన మొదటి భారతీయుడు ఆయనే. తర్వాత క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని కూడా వాదించారు.

అసలు గొడవ 1930లలో వచ్చింది. డోర్నకల్ చుట్టుపక్కల మాల, మాదిగ పల్లెలు గుంపులు గుంపులుగా చర్చిలో చేరుతున్నాయి. గాంధీ గారికి ఇది నచ్చలేదు. సేవ వెనక మతమార్పిడి ఆశ ఉంటే అది సేవే కాదన్నది ఆయన వాదన. చేరేవాళ్లకి సిద్ధాంతం అర్థమై చేరుతున్నారా అని కూడా అడిగారు. అజరయ్య వైపు నుంచి జవాబు సూటిగానే ఉంది. పేదవాడికీ మనస్సాక్షి ఉంటుంది, ఎంచుకునే హక్కు ఉంటుంది. చేరినవాళ్లు కల్లు, సారా మానాలని, పిల్లల్ని చదివించాలని ఆయన పట్టుబట్టేవారు.

నాకైతే గాంధీ గారి మొదటి మాట సబబే అనిపిస్తుంది. రెండోదే కష్టం. పోతన భాగవతం చెవిన పడకుండా, గుడి మెట్లు ఎక్కనివ్వకుండా తరాల పాటు దూరం పెట్టింది మనవాళ్లే. వాళ్లకి అర్థం కాదని ఏ మొహంతో అంటాం?

పనితనం మాటకొస్తే ఆయన గట్టివారే. ఎద్దుబండి మీద పల్లెలు తిరిగి, ఊరి టీచర్లకి శిక్షణ ఇచ్చారు. భార్య అన్బు మరియమ్మాళ్ ఆ రోజుల్లోనే కాలేజీ చదివినావిడ, ఆడవాళ్ల మధ్య పని చేశారు. ఆయన కాలంలో డయాసిస్ జనం 2 లక్షలు దాటారు. అయితే చర్చిలో చేరినా మాల, మాదిగ తేడా మాత్రం పోలేదు. అక్కడ ఆయనా పూర్తిగా గెలవలేకపోయారు.

విడివిడిగా ఉన్న చర్చిలు ఒకటి కావాలని 1919లో తరంగంబాడి సభలో మొదలుపెట్టిన పని చివరిదాకా వదల్లేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆ ఐక్య చర్చి, ఇప్పటి సీఎస్ఐ, 1947లో ఏర్పడింది.