అన్ని శాస్త్రాలూ కొంచెం కొంచెం: సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కోరిన చదువు

ఏటా ఆగస్టు వచ్చిందంటే మా బడిలో తెలుగు నేర్చుకున్న పిల్లలు కొందరు కాలేజీలకు బయలుదేరతారు. సెలవులకు తిరిగి వచ్చినప్పుడు చాలా ఇళ్ళల్లో ఒకే ప్రశ్న వినిపిస్తుంది. కంప్యూటర్ సైన్సు చదివేవాడికి చరిత్ర ఎందుకు? డాక్టరు కాబోయే అమ్మాయికి తత్త్వశాస్త్రం ఎందుకు? జనరల్ ఎడ్యుకేషన్ పేరుతో పెట్టే ఈ కోర్సులకు కూడా ఫీజు కట్టేది మనమే కాబట్టి ఆ ప్రశ్న మనకూ సబబుగానే తోస్తుంది. నిజం చెప్పుకోవాలంటే, మనలో చాలామందిమి పదో తరగతి కాగానే ఎంపీసీ అనో బైపీసీ అనో గీత గీసుకుని, ఆ గీతకు అవతలి పుస్తకం మళ్ళీ ముట్టకుండా ఇంత దూరం వచ్చినవాళ్ళమే.

ఈ ప్రశ్నను మనకంటే చాలా ముందే, ఒక దేశం మొత్తానికి సంబంధించినదిగా తీసుకుని పరిశీలించిన తెలుగువారు డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఆయన రాష్ట్రపతి అయ్యారని, ఆయన పుట్టినరోజే భారతదేశంలో ఉపాధ్యాయ దినోత్సవమని మన పిల్లలకు కూడా తెలుసు. ఆయన విశ్వవిద్యాలయాల చదువును తూకం వేసిన కథ మాత్రం చాలామందికి తెలియదు. ఈ సంచికలో ఆ కథ చెప్పుకుందాం.

రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు తమిళనాడులో ఉంది. వారిది తెలుగు కుటుంబం. పూర్వీకులది నెల్లూరు జిల్లా సర్వేపల్లి గ్రామం. ఇంట్లో కలిమి లేదు. తిరుపతి, వేలూరు, మద్రాసులలో స్కాలర్‌షిప్పుల మీద చదువు సాగింది. డిగ్రీలో ఏ విషయం తీసుకోవాలా అన్న సమయానికి, చదువు ముగించిన ఒక బంధువు తన పాత తత్త్వశాస్త్ర పుస్తకాలు ఇచ్చాడట. కొత్త పుస్తకాలు కొనే స్తోమతు లేని ఆ కుర్రవాడు దానితో అదే చదివాడు. తరవాతి రోజుల్లో ప్రపంచమంతా మెచ్చిన తత్త్వవేత్త అలా తయారయ్యాడు. పిల్లలూ, చేతికందిన పుస్తకం ఎక్కడికి తీసుకుపోతుందో ముందే ఎవరికీ తెలియదు!

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. కొంతకాలం మన రాజమండ్రి కాలేజీలోనూ పనిచేశారు. 1918లో మైసూరు, 1921లో కలకత్తా చేరారు. మైసూరు వదిలి వెళ్ళే రోజున విద్యార్థులు ఆయన బండికి గుర్రాలు విప్పేసి, తామే రైలుస్టేషను దాకా లాక్కుపోయారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

1931లో కట్టమంచి రామలింగారెడ్డి గారి తరవాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులై వాల్తేరు వచ్చారు. తత్త్వశాస్త్రం ఆచార్యులు కదా, సైన్సును ఎక్కడ పట్టించుకుంటారని ఎవరైనా అనుకుని ఉంటే పొరబడినట్లే. ఆయన హయాంలోనే అక్కడ సైన్సు, టెక్నాలజీ శాఖలు ఊపందుకున్నాయి. భౌతికశాస్త్రానికి సూరి భగవంతం, రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి వంటి యువకులు వచ్చారు. మరోవైపు హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ వంటివారు కూడా అక్కడ పాఠాలు చెప్పారు. లెక్కలు చదివేవాడూ కవిత్వం చదివేవాడూ ఒకే కొండ మీద తిరిగే చోటు అది. 1936లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పదవికి వెళ్ళారు. 1939 నుంచి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయాన్ని నడిపారు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో భారత ప్రభుత్వం విశ్వవిద్యాలయ విద్యా సంఘాన్ని వేసి ఆయనను అధ్యక్షుడిగా నియమించింది. సంఘంలో జాకిర్ హుస్సేన్, మేఘనాథ్ సాహా, లక్ష్మణస్వామి మొదలియార్ వంటి ఉద్దండులున్నారు. మనమున్న ఈ అమెరికా నుంచి ఆర్థర్ మోర్గాన్, జాన్ టైగర్ట్ అనే ఇద్దరు విద్యావేత్తలు కూడా ఉన్నారు. ప్రశ్నావళులు పంపారు, విశ్వవిద్యాలయాలకు స్వయంగా వెళ్ళారు, అధ్యాపకులతో, విద్యార్థులతో మాట్లాడారు. 1949 ఆగస్టుకల్లా నివేదిక సిద్ధమైంది.

నివేదికలో ఒక ముఖ్యమైన భాగం జనరల్ ఎడ్యుకేషన్ గురించే. పిల్లలు మరీ చిన్న వయసులో ఒక్క శాస్త్రానికే పరిమితమైపోతున్నారని సంఘం గుర్తించింది. సైన్సు చదివేవారికి సాహిత్యం, సమాజశాస్త్రాలు, ఆర్ట్స్ చదివేవారికి సైన్సు తెలియాలని, ఇంటర్మీడియట్ లోనూ డిగ్రీలోనూ ఈ ఏర్పాటు ఆలస్యం లేకుండా చేయాలని కోరింది. ఇక పరీక్షల విషయంలో ఇంకా గట్టిగా చెప్పింది. అన్నిటికంటే ముందు బాగుచేయవలసింది పరీక్షలనేనని తేల్చి, ఏడాది పొడుగునా చేసే పనికి మూడోవంతు మార్కులు కేటాయించాలని సూచించింది. ఏడాది చివరి మూడు గంటల్లో బట్టీపట్టింది ఒలకబోస్తే విద్యార్థికి ఏం వచ్చిందో తెలియదు కదా!

ఆ సిఫార్సులన్నీ నెరవేరాయా అంటే, లేదు. మూడేళ్ళ డిగ్రీ వచ్చింది. 1953లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ ఏర్పడింది. జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులను మాత్రం కొన్ని విశ్వవిద్యాలయాలు మొదలుపెట్టినా అవి దేశమంతటా వేళ్ళూనలేదు. మాకు తోచిన కారణం ఒకటే. ర్యాంకులో లెక్కకు రాని పాఠం మీద పిల్లవాడికి శ్రద్ధ ఉండదు, తండ్రికి ఓపిక ఉండదు. పైన మనం చెప్పుకున్న గీతలో పెరిగిన తరం మనదే. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం మళ్ళీ అదే విషయాన్ని ఎత్తుకుంది.

రాధాకృష్ణన్ గారు ఆ తరవాత ఉపరాష్ట్రపతిగా, 1962 నుంచి 1967 వరకు రాష్ట్రపతిగా పనిచేసి, 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు.

ఇక్కడి విశ్వవిద్యాలయాలు తమ జనరల్ ఎడ్యుకేషన్‌ను అప్పుడప్పుడు పరిశీలించుకుంటాయి. ఎన్ని కోర్సులు పెట్టామని లెక్కపెట్టి ఊరుకోకుండా, పిల్లలు రాసిన వ్యాసాలు తీసి చదువుతాయి. విషయాన్ని విడమరిచి రాయగలుగుతున్నారా, ఎదుటివారి వాదన అర్థం చేసుకోగలుగుతున్నారా అని చూస్తాయి. అదే పరిశీలన మనం ఇంట్లోనూ చేయవచ్చు. ఈసారి మీ అబ్బాయో అమ్మాయో థాంక్స్ గివింగ్‌కు ఇంటికి వచ్చినప్పుడు గ్రేడు సంగతి కాసేపు పక్కనపెట్టి, ఆ చరిత్ర కోర్సులో ఏం చదివారో అడగండి. పూర్తిగా వినండి.

ఇంకొక్క మాట. తొమ్మిదో తరగతికి రాగానే ఎస్ఏటీ శిక్షణ కోసం తెలుగు మాన్పించే కుటుంబాలు మా బడిలోనూ ఉన్నాయి. వారి ఇబ్బంది మాకు తెలుసు, తప్పుపట్టడం లేదు. కానీ మార్కులు రాని చదువుల్లో మన తెలుగు కూడా ఒకటి. మాన్పించే ముందు ఒక్కసారి పిల్లలతో కూర్చుని మాట్లాడమని మా మనవి.