విలియం ఆక్‌వర్త్

సర్ విలియం మిచెల్ ఆక్‌వర్త్ (నవంబరు 22, 1850 - ఏప్రిల్ 2, 1925) ఇంగ్లండుకు చెందిన రైల్వే ఆర్థిక నిపుణుడు, న్యాయవాది. భారతదేశంలోని రైళ్ళను కంపెనీలకు బదులు ప్రభుత్వమే స్వయంగా నడపాలని 1921లో సిఫారసు చేసిన కమిటీకి ఆయన అధ్యక్షుడు. ఆ కమిటీ ఆయన పేరుతోనే ఆక్‌వర్త్ కమిటీగా ప్రసిద్ధి చెందింది. ప్రభుత్వాలు రైళ్ళు నడపడాన్ని ఎంతోకాలంగా విమర్శిస్తూ వచ్చిన వ్యక్తి ఈ సిఫారసు చేయడం విశేషం.

తొలి జీవితం

ఆక్‌వర్త్ ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చ్ కళాశాలలో చదివాడు. కొంతకాలం ప్రష్యా రాకుమారులకు ఇంగ్లీషు బోధించాడు. వారిలో ఒకరు తరువాత జర్మనీ చక్రవర్తి అయిన రెండవ విల్‌హెల్మ్. ఆక్‌వర్త్ ఇంజనీరు కాదు. అయినా 1889లో ప్రచురించిన "ది రైల్వేస్ ఆఫ్ ఇంగ్లండ్" గ్రంథంతో రైల్వే రచయితగా పేరు పొందాడు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో రైల్వే ఆర్థిక శాస్త్రంపై ఉపన్యాసాలిచ్చాడు. రైళ్ళు ప్రభుత్వం చేతిలో ఉంటే ఛార్జీలు, నియామకాలు, కొత్త మార్గాలు అన్నీ రాజకీయ ఒత్తిళ్ళకు లోనవుతాయన్నది ఆయన అభిప్రాయం.

భారత రైల్వే కమిటీ

అప్పటికే భారతదేశంలోని ప్రధాన రైలు మార్గాలలో అధికభాగం ప్రభుత్వ ఆస్తి. ఈస్టిండియన్ రైల్వేను 1880లో, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేను 1900లో ప్రభుత్వం కొన్నది. కాని నిర్వహణను మాత్రం లండన్‌లో డైరెక్టర్ల బోర్డులు గల పాత కంపెనీలకే ఒప్పందాలపై వదిలివేసింది. ఆస్తి ఒకరిది, పెత్తనం మరొకరిది అన్నమాట. ఈ ఒప్పందాల గడువు ముగియవస్తున్నందున ఏమి చేయాలో తేల్చడానికి 1920లో పదిమంది సభ్యులతో కమిటీని నియమించారు. వి.ఎస్.శ్రీనివాస శాస్త్రి, పురుషోత్తందాస్ ఠాకూర్‌దాస్ అందులో సభ్యులు.

కమిటీ చూసిన పరిస్థితి దయనీయంగా ఉంది. రైల్వేలకు డబ్బు ఏటేటా సాధారణ బడ్జెట్ నుండి రావాలి. మార్చి 31 నాటికి ఖర్చు కాని సొమ్ము మురిగిపోయేది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మరమ్మతులు వాయిదా పడి పట్టాలు, వంతెనలు, ఇంజన్లు అరిగిపోయాయి. ప్రయాణికుల ద్వారా వచ్చే రాబడిలో అధికభాగం మూడవ తరగతి వారిదే, అయినా వారి పెట్టెలలో కాలు మోపే చోటుండేది కాదు. పై ఉద్యోగాలలో భారతీయులు లేకపోవడం మరొక ఫిర్యాదు.

లండన్ బోర్డుల పెత్తనం ముగియాలన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. ఆ తరువాత ఎవరు నడపాలన్న ప్రశ్న వద్ద కమిటీ ఐదుగురు, ఐదుగురుగా చీలిపోయింది. ఆక్‌వర్త్ శాస్త్రి, ఠాకూర్‌దాస్‌లతో కలిసి ప్రభుత్వ నిర్వహణ వైపు నిలిచాడు. మిగిలిన వర్గం కొన్ని మార్గాలను భారతదేశంలో నెలకొల్పే కంపెనీలకు అప్పగించాలన్నది. ఆక్‌వర్త్ తన సాధారణ సిద్ధాంతాన్ని వదులుకోలేదు. అయితే ఇక్కడి కంపెనీల సొంత పెట్టుబడి స్వల్పం, స్వేచ్ఛ అంతకన్నా స్వల్పం. కంపెనీ నిర్వహణకు ఉంటాయని ఆయన నమ్మిన సుగుణాలు వీటిలో ఉండే అవకాశమే లేదు.

పర్యవసానం

కేంద్ర శాసనసభ 1923లో ప్రభుత్వ నిర్వహణను కోరుతూ తీర్మానించింది. కమిటీ సూచించిన ప్రత్యేక రైల్వే బడ్జెట్ 1924 తీర్మానంతో ఏర్పడి 2016 వరకు కొనసాగింది. అదే 1924లో ఆక్‌వర్త్ జర్మనీ యుద్ధ పరిహారాల విషయమై, అక్కడి ప్రభుత్వ రైల్వేలను ఒక స్వతంత్ర కంపెనీకి బదలాయించే పథకాన్ని ఫ్రెంచి నిపుణుడు లెవెర్వ్‌తో కలిసి రూపొందించాడు. రెండు దేశాలకు రెండు రకాల సలహా ఇచ్చాడన్నమాట.

ఈస్టిండియన్ రైల్వే 1925 జనవరి 1న ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. ఏప్రిల్‌లో ఆక్‌వర్త్ మరణించాడు. ఆ వేసవిలోనే గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే వంతు వచ్చింది. తెలుగు ప్రాంతాలకు ఈ మార్పు ఆలస్యంగా చేరింది. బెజవాడ మీదుగా నడిచే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేను, వాల్తేరు వరకు వచ్చే బెంగాల్ నాగపూర్ రైల్వేను ప్రభుత్వం 1944లో గాని తీసుకోలేదు. నిజాం రైల్వేను నిజాం ప్రభుత్వమే 1930లో కొన్నది. స్వాతంత్ర్యానంతరం 1951-52లో ఈ రైల్వేలన్నిటినీ విలీనం చేసి ఆరు జోన్లుగా ఏర్పరచినపుడు, మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే దక్షిణ రైల్వేలోను, నిజాం రైల్వే మధ్య రైల్వేలోను కలిసిపోయాయి. సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది.