వద్దనుకున్న కొలువే పేరు తెచ్చింది
లెక్కల మాస్టారు రంగనాథన్ లైబ్రేరియన్ అయిన తీరు

చెన్నై మెరీనా ఎదురుగా మద్రాసు యూనివర్సిటీ లైబ్రరీ గురించి తెలియని తెలుగు విద్యార్థి ఒకప్పుడు ఉండేవాడు కాదు. నెల్లూరు, చిత్తూరు, బళ్లారి నుంచి చదువుకోసం వచ్చినవాళ్లకు అదే పెద్ద దిక్కు. దాని తొలి లైబ్రేరియన్ శియాళి రామామృత రంగనాథన్. ఈ ఉద్యోగం ఆయన కోరుకున్నది కాదంటే ఆశ్చర్యమే. చేరిన వారం తిరక్కుండానే పారిపోదామనుకున్నారు.

రంగనాథన్ 1892 ఆగస్టులో అప్పటి తంజావూరు జిల్లా శీర్కాళిలో పుట్టారు. చిన్నప్పటి నుంచీ నత్తి. మాట తడబడుతున్నా పాఠం చెప్పే పనే ఎంచుకున్నారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితం చదివి 1916లో ఎంఏ పూర్తి చేశారు. సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణ తీసుకున్నారు. 1917 నుంచి మంగళూరు, కోయంబత్తూరు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీల్లో లెక్కలు చెప్పారు. నత్తిని సాధనతో అదుపులో పెట్టుకున్నారు. జీతం మాత్రం అంతంతే.

1923లో యూనివర్సిటీ లైబ్రేరియన్ పోస్టు పడింది. జీతం బాగుందని స్నేహితులు పట్టుబట్టి దరఖాస్తు పెట్టించారు. వచ్చినవి దాదాపు 900 దరఖాస్తులు. అందులో లైబ్రరీ పని నేర్చుకున్నవారు లేరు. మనవాడికీ తెలియదు. ఇంటర్వ్యూకు కొద్దిరోజుల ముందు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో ఒక వ్యాసం చదివారు, అంతే! అయినా ఉద్యోగం వచ్చింది.

1924 జనవరిలో చేరితే అక్కడ ఏముంది? పలకరించే మనిషి లేడు, విద్యార్థుల సందడి లేదు. కొద్ది రోజులకే ప్రెసిడెన్సీకి పరుగెత్తి పాత ఉద్యోగం ఇప్పించమని అడిగారు. ముందు లండన్ వెళ్లి చదువుకురా, వచ్చాక కూడా నచ్చకపోతే అప్పుడు చూద్దామని సర్దిచెప్పి పంపారు.

క్రాయిడన్‌లో చేత్తో పట్టిన పని

అదే ఏడాది లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో చేరారు. అక్కడి అధ్యాపకుడు బెర్విక్ సేయర్స్. లండన్ పక్కన క్రాయిడన్ పట్టణ లైబ్రరీకి పెద్ద ఆయనే. శిష్యుణ్ని అక్కడికి తీసుకెళ్లి పనిలో పెట్టారు. అసలు చదువు అక్కడే సాగింది. పుస్తకం ఎలా తీసుకోవాలి, కార్డు ఎలా రాయాలి, ఏ షెల్ఫులో పెట్టాలి, వచ్చిన మనిషిని ఏమని అడగాలి... అన్నీ చూసి, చేసి నేర్చుకున్నారు. ఆ తర్వాత బ్రిటన్ అంతా తిరిగి వందకు పైగా లైబ్రరీలు చూశారు. పాఠకుల సంఖ్య పెరిగిన చోటల్లా పుస్తకాలు తలుపులేని బీరువాల్లో ఉన్నాయని గమనించారు. తాళాలు వేసినచోట పాఠకుడు రాడు. ఇది పుస్తకం చదివితే తెలిసే సంగతి కాదు.

అప్పటికి లైబ్రరీల్లో వాడే డ్యూయీ పద్ధతి ఆయనకు తృప్తినివ్వలేదు. లండన్ సెల్ఫ్‌రిడ్జెస్ దుకాణంలో పిల్లల మెకానో సెట్టు చూశారు. ఒకే ఇనుప ముక్కల్ని మరలతో బిగించి రైలు, క్రేను, వంతెన చేస్తున్నారు. సబ్జెక్టునూ అలాగే ముక్కలు చేసి మళ్లీ బిగించవచ్చని తట్టింది. ఉదాహరణకు 1930లో తంజావూరులో వరికి పట్టిన తెగులు మీద ఒక పుస్తకం ఉందనుకోండి. పంట, తెగులు, ఊరు, కాలం... వేర్వేరు ముక్కలు. వాటి మధ్య మర లాంటి గుర్తే కోలన్. 1925లో తిరుగు ప్రయాణంలో ఓడలోని లైబ్రరీ పుస్తకాలనే తన పద్ధతిలో సర్దిచూశారు. కోలన్ వర్గీకరణ గ్రంథం 1933లో వెలువడింది.

మద్రాసుకు వచ్చాక మళ్లీ కాలేజీ ఊసెత్తలేదు. పాఠకులే బీరువాల దగ్గరికి వెళ్లేలా చేశారు. తన రెండో పెళ్లి రోజున కూడా లైబ్రరీకి వచ్చారని చెబుతారు (మొదటి భార్య రుక్మిణి 1928లో చనిపోయారు). ఆ ఇంట్లో వాళ్లకు అది ఎలా ఉండేదో మరి! 1931లో ఆయన రాసిన అయిదు సూత్రాల పుస్తకం, లైబ్రరీ పనికి వచ్చినవాళ్లకు నేటికీ మొదటి పాఠం.

తాను నేర్చుకున్నది తనతోనే ఆగకూడదనుకున్నారు. 1928లో మద్రాసు లైబ్రరీ సంఘం ఏర్పడింది. 1929లో వేసవి తరగతులు పెట్టి లైబ్రరీ పని నేర్పారు. 1931లో యూనివర్సిటీ ఆ తరగతులను తీసుకుంది. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ లైబ్రరీ చదువు మొదలైంది. మన్నార్గుడి దగ్గర 1931లో ఎద్దుబండి మీద పల్లెలకు పుస్తకాలు పంపిన ప్రయత్నానికి ఆయన అండ ఉంది.

కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి 1945లో వెళ్లారు. రెండేళ్ల లోపు దాదాపు లక్ష పుస్తకాలు ఒంటిచేత్తో వర్గీకరించారంటారు. యాభై దాటిన వయసులో గుమాస్తా పని!

ఆయన కృషితో 1948లో మద్రాసు పబ్లిక్ లైబ్రరీల చట్టం వచ్చింది. అప్పుడు కోస్తా, రాయలసీమ ఆ రాష్ట్రంలోనే ఉండడంతో మన ఊళ్లకూ అదే వర్తించింది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కట్టే అలవాటు అక్కడినుంచి వచ్చిందే. 1960లో ఆంధ్రప్రదేశ్ తన సొంత చట్టం చేసుకుంది.

1957లో పద్మశ్రీ, 1965లో జాతీయ పరిశోధనాచార్య హోదా అందాయి. భార్య శారద పేరిట మద్రాసు యూనివర్సిటీకి లక్ష రూపాయలు ఇచ్చారు. చివరి ఏళ్లు బెంగళూరులోనే. 1962లో అక్కడ లైబ్రరీ శిక్షణ, పరిశోధన కేంద్రం పెట్టి కుర్రాళ్లతో కూర్చుని పని నేర్పారు. 1972 సెప్టెంబరు 27న బెంగళూరులోనే కన్నుమూశారు. ఆగస్టు 12న దేశమంతా లైబ్రేరియన్ల దినం జరుపుకొనేది ఆయన పేరునే.