పలకడానికి ముందు మాట: హాస్కెల్ కర్రీ

సి లాంగ్వేజ్‌తో మొదలెట్టిన మనకి ప్రింట్ఎఫ్ అంటే స్క్రీన్ మీద కనిపించడమే. అంకెని అక్షరాల్లోకి అమర్చడం, దాన్ని బయటికి పంపడం ఒకే పనిలా ఉంటాయి. హాస్కెల్‌లోకి రాగానే ఆ రెండూ విడిపోతాయి. ఈ పట్టింపు ఎందుకో అర్థం కావాలంటే ఆ పేరుగల మనిషి గురించి తెలియాలనిపించింది నాకు. కర్రీయింగ్ అనగానే మనకి కర్రీ పాయింట్ గుర్తొస్తుంది గానీ, అదీ ఆయన ఇంటిపేరే.

హాస్కెల్ బ్రూక్స్ కర్రీ 1900 సెప్టెంబర్ 12న అమెరికాలోని మిల్లిస్‌లో పుట్టారు. అమ్మానాన్నలు బోస్టన్‌లో నలుగురి ముందు ఎలా మాట్లాడాలో నేర్పే స్కూల్ నడిపేవారు. కొడుకు మనసు మాత్రం నోరు విప్పడానికి ముందు జరిగే పని మీదే ఉండేది.

డాక్టర్ అవుదామని 1916లో హార్వర్డ్‌లో చేరి, 1920లో లెక్కల డిగ్రీతో బయటికొచ్చారు. తర్వాత ఎంఐటీలో ఎలక్ట్రికల్, మళ్లీ హార్వర్డ్‌లో ఫిజిక్స్. బ్రాంచ్ మారాలా వద్దా అని హాస్టల్లో తెల్లార్లూ మాట్లాడుకునే మనకి ఇది కొంచెం ధైర్యమే!

1922లో ప్రిన్సిపియా మేథమేటికా చదువుతుంటే ఒక సందేహం పట్టుకుంది: ఫార్ములాలో ఒక అక్షరం తీసి దాని చోట ఇంకోటి పెడతాం కదా, అసలక్కడ జరిగేదేంటి? దానికోసం లాజిక్‌లోకి వచ్చేశారు. అదే దారిలో షోన్‌ఫింకెల్ 1924లోనే నడిచారని తర్వాత తెలిసింది. జర్మనీలోని గోటింగెన్ వెళ్లి, హిల్బర్ట్ దగ్గర 1930లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. రెండు ఇన్‌పుట్ల ఫంక్షన్‌ని ఒక్కొక్కటే తీసుకునేలా మార్చడం షోన్‌ఫింకెల్‌దేనని ఆయనే చెప్పినా, లోకం కర్రీయింగ్ అనే పిలిచింది.

1929 నుంచి 1966 దాకా పెన్ స్టేట్‌లో పాఠాలు చెప్పారు. 1945-46లో ఎనియాక్ మీద పనిచేశారు. తీగలు, స్విచ్చులు మార్చి ప్రోగ్రామ్ పెట్టే రోజులవి. చిన్న ప్రోగ్రాములు కలిపి పెద్దవి ఎలా కట్టాలో 1949లో రిపోర్టు రాశారు. 1982 సెప్టెంబర్ 1న కన్నుమూశారు. ఆయన పేరు పెట్టిన లాంగ్వేజ్ 1990లో వచ్చింది. ఆ పేరు ఆయనకే నచ్చేది కాదని భార్య తర్వాత చెప్పారట!

ఆ లాంగ్వేజ్ ఆయన రాసింది కాదు. కానీ ముక్కలు కలిపి కట్టాలన్న ఆయన పట్టుదల అందులో ఉంది. షో అనే ఫంక్షన్‌కి 42 ఇస్తే స్ట్రింగ్ చేతికొస్తుంది, స్క్రీన్ మీద ఏమీ పడదు. ప్రింట్ చేసే పనికి టైపే వేరు, ఐఓ. మాది కొల్లేటి పక్క ఊరు. కైకలూరు షెడ్లలో శీలావతి, బొచ్చెలకి ఐసు వేసి ట్రేలు సర్దడం ఒక పని, లారీ కదలడం ఇంకో పని. సర్దిన ట్రేని తూకం వేయొచ్చు, మార్చొచ్చు, వేరే లారీ ఎక్కించొచ్చు. లారీ వెళ్లిపోయాక ఏం చేస్తాం?

హాస్కెల్ ప్రింట్ఎఫ్ ఇంకా తమాషా. ఆర్గ్యుమెంట్లు ఒక్కొక్కటే తీసుకుంటుంది, మళ్లీ కర్రీయింగే. చివర్లో మనం స్ట్రింగ్ టైప్ అడిగితే స్ట్రింగ్ ఇస్తుంది, ఐఓ అడిగితే ప్రింట్ చేసే పని ఇస్తుంది.

ఈసారి ల్యాబ్‌లో ఏ లాంగ్వేజ్ అయినా సరే, ఫంక్షన్ లోపల ప్రింట్ పెట్టకుండా స్ట్రింగ్ రిటర్న్ చేసి చూడండి. అదే స్ట్రింగ్‌ని టెస్ట్ చేయొచ్చు, ఫైల్‌లో దాచొచ్చు, ఇంకోదానికి అతికించొచ్చు. ప్రింట్ మెయిన్‌లో ఒక్కచోట చాలు.